వేటకెళ్ళిన పడవలు, అసెంబ్లీకెళ్ళిన అమ్మ

అసెంబ్లీలో అరుపులూ మైకులు విరగ్గొట్టడాలూ తప్ప ఏముంది అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా స్టాఫ్‌రూములో ఈ మాట తరచూ వస్తుంది. టీ తాగుతూ, పేపరు తిరగేస్తూ, దేశం బాగుపడే బాధ్యతేదీ తమ మీద లేదన్న ధీమాతో అంటారు. మొదట ఊరుకుంటాను. తర్వాత ఊరుకోలేను. "మా అమ్మ కోసం ఒకసారి అసెంబ్లీ లేచి నిలబడింది. మీ ఇంట్లో ఎవరికోసమైనా నిలబడిందా?" అని అడుగుతాను. అందరూ నా వైపు తిరుగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి బెల్లు కొడతారు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా కథ సగం దాటలేదు. అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను, బెల్లు కొట్టేవాళ్ళు ఉండరు కాబట్టి.

మాది విశాఖపట్నం జాలరిపేట. నాన్న వేటకెళ్ళేవాడు. అమ్మ యారాడ ఆడపడుచు. గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మేది. వాళ్ళకి నేనొక్కదాన్నే. అప్పటికి డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను కాబట్టి పేట మొత్తానికి పేపరు చదివిపెట్టే ఉద్యోగం నాదే. జీతం లేదు గానీ గౌరవం బోలెడు. తొంభైల్లో వచ్చిన ఒక తుఫాను మా ఒడ్డున ఉన్న పడవల్ని ఎత్తి రోడ్డు పక్క గోడకేసి కొట్టింది. నాన్న పడవ అడుగు చీలిపోయి, ఇక బాగుచేయడానికి వీల్లేకుండా అయింది. పడవ పోయిన ప్రతి ఇంటికీ ఫైబర్ పడవ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. అమ్మ నమ్మింది. నాన్న కూడా నమ్మి, పడవ వచ్చేదాకా గడవాలి కదా అని ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటు మీద కూలి కలాసీగా చేరాడు. సొంత పడవ నడిపిన మనిషి ఇంకొకరి బోటు మీద ఐసు మోశాడు. ఇంటికొచ్చాక ఆ సంగతి మాట్లాడేవాడు కాదు.

పడవలిచ్చే ఆఫీసుకి ఇంత పొడుగు పేరు ఉండేది. మేం పడవలాఫీసు అనేవాళ్ళం. నాన్నా, పేట పెద్దలూ వెళ్ళినప్పుడల్లా అక్కడి పెద్ద అధికారి వచ్చే నెల అనేవాడు. అలా వచ్చే నెలలు చాలా వచ్చాయి, పోయాయి. ఒక రోజు పొద్దున్న వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ మధ్య కూర్చుని పేపరు చదువుతున్నాను. జాలరిపేటలో తుఫాను బాధితులందరికీ పడవల పంపిణీ పూర్తయింది అని ఉంది. చదివింది నేనే అయినా నాకే నమ్మకం కలగక మళ్ళీ చదివాను.

"మన పడవలు మనకంటే ముందే వేటకెల్లిపోనాయేటి?" అన్నాడు నాన్న. అందరూ పగలబడి నవ్వారు.

నవ్వడానికే అన్నాడు పాపం. కానీ పడవలాఫీసు వాళ్ళు నిజంగా అదే మాట పట్టుకున్నారు. పెద్దలు కలెక్టరు గారికి మొరపెట్టుకుంటే విచారణ అన్నారు. ఆ విచారణ చేసింది కూడా పడవలాఫీసే. విచారణాధికారి ఎండెక్కాక కారులో వచ్చాడు. తుఫానుకి మిగిలిన కొద్ది పడవలూ ఆ వేళకి వేటలోనే ఉంటాయి. ఖాళీ ఇసుక చూసి, ఇచ్చిన పడవలన్నీ వేటకెళ్ళాయి అని రాసుకుని పోయాడు. మళ్ళీ గొడవ చేస్తే హైదరాబాదు నుంచి ఇంకొకాయన వచ్చాడు. ఈయన ఇసుకలోకి దిగనే లేదు, బూట్లు పాడవుతాయని కాబోలు. ఆయన రాసింది కూడా వేటకెళ్ళాయనే. మా పడవలంత కష్టజీవులు ఈ కోస్తాలో ఇంకెక్కడా ఉండవు. పుట్టకముందే వేటకెళ్ళి, రెండేళ్ళయినా ఒడ్డుకి రాలేదు.

అదిగో, అప్పుడు సంగతి అసెంబ్లీకి చేరింది. ఒక సభ్యుడు ప్రశ్న వేశాడు. ఆఫీసు రాసిచ్చిన కాగితమే ప్రభుత్వం తరఫున చదివారు: పడవలు పంపిణీ అయ్యాయి, ప్రస్తుతం వేటలో ఉన్నాయి. "రెండేళ్ళ నుంచీ వేటలోనే ఉన్నాయా?" అని ఆ సభ్యుడు అడిగితే సభ అంతా నవ్విందట. తర్వాత అరుపులు, కేకలు. ఆ అరుపుల్లోంచే సభా సంఘం పుట్టింది. ఆఫీసు తప్పుని ఆఫీసే విచారించుకుని కప్పెట్టుకుంటోంది కాబట్టి, సభ్యులే వెళ్ళి కళ్ళారా చూసి రావాలని తీర్మానించారు. మర్నాడు ఆ వార్త పేటంతటికీ చదివాను. మా పేట పేరు ఆ హాల్లో పలికారన్న సంగతి అమ్మకి ఎంతసేపు చెప్పినా నాకు తనివి తీరలేదు. "మన పేరెత్తి కొట్టుకున్నారా? అయితే మంచోలే," అంది అమ్మ.

సంఘానికి అధ్యక్షుడు ఒక పెద్దాయన. రాయలసీమ వైపు రైతు. భుజం మీద కండువా తీసేవాడు కాదు. ఊరికి రాగానే అతిథి గృహానికి మా పెద్దల్ని పిలిపించాడు. నాన్న కూడా వెళ్ళాడు. "మాది చెరువు కూడా నిండని ఊరు నాయనా. సముద్రం సంగతి నాకు తెలియదు. పడవలన్నీ ఒడ్డు మీదుండే దినం ఏదైనా ఉందా?" అని అడిగాడట. గంగమ్మ పండగ మర్నాడు ఎవ్వరూ వేటకెళ్ళరని నాన్న చెప్పాడు. వెళితే అమ్మవారికి కోపం అని మా పేటలో గట్టి నమ్మకం. పెద్దాయన నవ్వి, అయితే ఆ దినమే వస్తాము అన్నాడు. లేచేటప్పుడు నాన్న చేతిలో ఒక ఫోన్ నంబరు పెట్టాడు. మీరు మాకు సాక్షులు, ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పండి అన్నాడు. నాన్న ఆ చీటీ తెచ్చి నాకిచ్చాడు. సాక్షి అన్న మాటకి ఎంత బరువుందో అప్పుడు మాకు తెలియదు.

ఇప్పుడు పడవలాఫీసుకి చిక్కొచ్చింది. పండగ మర్నాడు పడవలు వేటకెళ్ళాయని చెప్పడానికి లేదు. పండగ రోజు మధ్యాహ్నం డప్పుల మోతలో ఉండగా మా వీధి చివర లారీలు ఆగాయి. లారీల మీద పడవలు! నీలం రంగు ఇంకా ఆరలేదు, చెయ్యి పెడితే అంటుకుంటోంది. "మీ పడవలొచ్చాయి, దించుకోండి" అన్నారు. పేటంతా పరుగెత్తింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ నన్ను గట్టిగా పట్టుకుంది. "ఒలే గుంటా, ఒచ్చీసినాయే! మీ నాన్నకి సెప్పు, రేపట్నుంచి ఆ బోటు మీదికి ఎల్లక్కర్లేదని సెప్పు!"

తర్వాత మా ఆడవాళ్ళు చేసిన పని ఇంకే పేటలోనూ జరగదేమో. పడవ ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడగకుండా పసుపు గిన్నెలు తెచ్చారు. కొత్త పడవంటే మాకు కొత్త కోడలే. ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, కొబ్బరికాయ కొట్టాలి. అదంతా ఇంటి ఆడది చెయ్యాలి. ఒక్కసారి పసుపు తగిలిందా, మర్నాడు పొద్దుగుంకేలోగా, వేటకి కాకపోయినా నీళ్ళు ముట్టడానికైనా, ఆ పడవ సముద్రంలో దిగి తీరాలి. దిగకుండా వెనక్కి పోయిందంటే ఆ ఇంటి మగవాడి ప్రాణానికి ముప్పు. ఈ నమ్మకాన్ని మా పేటలో ఎవ్వరూ పరీక్షించి చూడలేదు, చూడరు కూడా. అమ్మ తన వంతుకొచ్చిన పడవకి పసుపు దట్టంగా రాసింది. రంగు ఆరలేదేమో, పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చగా తేలింది.

పొద్దు వాలుతుండగా పడవలాఫీసు పెద్ద అధికారి జీపులో వచ్చాడు. పసుపు చూసి తల పట్టుకున్నాడు. "ఎవరు పూయమన్నారు? రేపు సాయంత్రం ఇవి తిరిగి వెళ్ళిపోవాలి" అన్నాడు. అవి పడవలు తయారుచేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర నుంచి ఒక్క రోజుకి తెచ్చిన పడవలని అప్పుడు తెలిసింది. అధికారి గొంతు తగ్గించి పెద్దలకి చెప్పాడు. రేపు సంఘం వాళ్ళడిగితే మా పడవలే అనండి చాలు. వేరే మాట ఎవరి నోటి నుంచైనా వస్తే పేటలో ఒక్కరికీ సాయం అందదు, హార్బరులో పని కూడా దొరకదు. ఎవరి పేరూ ఎత్తలేదు గానీ చివరి మాట అంటున్నప్పుడు నాన్న వైపు చూశాడు.

పెద్దలు గుడి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. ఔననొద్దు, కాదనొద్దు, నోరు మెదపకుండా నిలబడదాం అనుకున్నారు. నాకు వాళ్ళ మీద మండిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే కోపం రావడం లేదు. రేపటి కూటి కోసం ఇంకొకరి బోటెక్కాల్సిన వాళ్ళు వాళ్ళంతా. అమ్మ మాత్రం పడవ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే, "నానే రాసినాను గదే పసుపు. నా సేత్తోనే రాసినాను" అంది. అధికారి మోసం ఆమెకి అంతగా పట్టలేదు. పసుపు తగిలిన పడవ నీళ్ళు ముట్టకుండా పోతే నాన్నకేమవుతుందో అన్నదే ఆమె భయం.

మర్నాడు పొద్దున్నే సంఘం వచ్చింది. పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగాడు. ఆ ఒక్క పనితోనే మా ఆడవాళ్ళకి నచ్చేశాడు. వరసగా పడవలు, పసుపూ బొట్లూ, వేపమండలు. అధికారి ముఖం వెలిగిపోతోంది. నిన్న సాయంత్రం తిట్టిన పసుపే ఇప్పుడు ఆయనకి కలిసొచ్చింది. "చూడండి సార్, పూజలు కూడా చేసుకున్నారు. పూజ చేసుకున్నారంటే వాళ్ళవి కాక ఎవరివి సార్?" అన్నాడు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కనున్న గుమస్తా రాసుకోవడం మొదలుపెట్టాడు. మా అమ్మ చేత్తో రాసిన పసుపే మా మీద సాక్ష్యం అయిపోతోంది.

పెద్దాయన మా వైపు తిరిగాడు. "ఏం నాయనా, ఈ పడవలు మీవేనా?"

పెద్దలు ఇసుకని చూస్తున్నారు. నాన్న సముద్రాన్ని చూస్తున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి అమ్మ ముందుకొచ్చింది. కొంగు నడుముకి దోపుకుంది. చేతులు జోడించింది.

"బాబూ, ఔనో కాదో నాను సెప్పలేను. పసుపెట్టిన పడవ ఇయ్యాల నీట్లో దిగాల. లేకపోతే నా మొగుడికి గండం. మావే అయితే నీట్లో తోసీమని సెప్పండి. మావి కాపోతే ఆ ముక్క ఆ బాబునే సెప్పమనండి."

పెద్దాయన ముఖమంతా నవ్వయింది. "మీవేనని ఆఫీసరు గారే చెబుతున్నారు కదమ్మా. తొయ్యండి, మేము కూడా చూస్తాము" అన్నాడు.

నంబర్లు వెయ్యాలి సార్, రేపు దింపుదాం సార్ అన్నాడు అధికారి. "రెండేండ్లు నంబర్లు లేకుండానే వేటాడినాయా?" అన్నాడు పెద్దాయన. ఈలోగా అమ్మ పడవకి భుజం ఆనించేసింది. నాన్న ఆమె పక్కకి వచ్చాడు. తర్వాత ఎవరు ముందొచ్చారో చెప్పలేను. పేట మొత్తం ఆ ఒక్క పడవ చుట్టూ చేరింది. నేనూ తోశాను. హైలెస్సా అంటూ ఇసుక దాటి, నురగ దాటి, మొదటి అల పడవ ముక్కుని ఎత్తింది. నాన్న ఒక్క గెంతులో ఎక్కాడు. రెండేళ్ళ తర్వాత తన కాళ్ళ కింద పడవ ఊగుతుంటే నాన్న ముఖం ఎలా ఉందో నేను చూశాను. అప్పుడు ఒడ్డు మీద నుంచి కేక వినబడింది.

"ఆపండయ్యా! అది నాది! సాయంత్రం నేను ఇంకో చోట అప్పజెప్పాలి!"

అరిచింది కాంట్రాక్టరు. ఆయన సరుకు మీద బెంగతో జనం వెనకాల నిలబడి ఉన్నాడని మాకెవరికీ తెలియదు. అధికారి ఆయన వైపు తిరిగి నోరు ముయ్యమని సైగ చేశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. పెద్దాయన గుమస్తాతో, "ఇప్పుడు రాసుకో నాయనా" అన్నాడు. ఎవరో ఈల వేశారు. మిగతా పసుపు పడవల్ని కూడా నీళ్ళు ముట్టించాకే ఆడవాళ్ళు వెనక్కి పోనిచ్చారు. ఆ రోజు మా అమ్మని చూసి నేను పొంగిపోయినట్టు జీవితంలో ఇంకెప్పుడూ పొంగిపోలేదు. ఆమె తెలివిగా ఇరికించిందని ఊరంతా చెప్పుకున్నారు. అమ్మ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. "ఎర్రిదానా, తెలివేటి? మీ నాన్నకి గండం తప్పించినాను" అనేది. నేను రెండూ నమ్ముతాను.

కథ ఇక్కడ ఆపితే బాగుండును. సంఘం హైదరాబాదు వెళ్ళిన కొద్ది రోజులకే పోలీసులు మా ఇంటికొచ్చారు. కాంట్రాక్టరు ఫిర్యాదు ఇచ్చాడు, అధికారి వెనకుండి ఇప్పించాడు. జనాన్ని రెచ్చగొట్టి పడవ దొంగిలించబోయిందని అమ్మ మీద కేసు. నాన్న హార్బరులో ఉన్నాడు. ఇంటి ముందు, అందరూ చూస్తుండగా, అధికారి జీపు దగ్గర నిలబడి, "ఇదిగో, పడవ దొంగ ఇదే" అని వేలు చూపించాడు. అమ్మ ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా వాళ్ళ వెంట నడిచింది.

నాకు పెద్దాయన ఇచ్చిన నంబరు చీటీ గుర్తొచ్చింది. ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాను. అవతల సంఘం ఆఫీసులో ఎవరో గుమస్తా ఎత్తాడు. ఏడుస్తూ చెప్పాను. ఆయనకి సగం అర్థం కాలేదు. సంఘం ముందు మాట్లాడినందుకు మా అమ్మని పట్టుకెళ్ళారు అన్నాను. ఒక్కసారిగా ఆయన గొంతు మారింది. "సాక్షిని పట్టుకెళ్ళారా? ఏ స్టేషను?" అన్నాడు. చెప్పాను. నేను స్టేషనుకి చేరేసరికి లోపల ఫోను మోగుతోంది. ఎస్సై కూర్చుని ఎత్తాడు, లేచి నిలబడ్డాడు. ఫోను పెట్టేశాక, నేల మీద కూర్చున్న మా అమ్మకి కుర్చీ వేయించాడు. టీ కూడా తెప్పించాడు. అమ్మ టీ ముట్టలేదు. "దొంగకి టీ ఏటి బాబూ" అంది.

ఇంటికైతే పంపించేశారు గానీ, ఆ మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. అమ్మ రోజూ చేపలు వేసే ఉద్యోగస్తుల క్వార్టర్స్ ఉన్నాయి. అక్కడ ఒక ఇంట్లో నేను పుట్టక ముందు నుంచీ ఆమె దగ్గరే కొనేవారు. కేసు సంగతి తెలిశాక ఆ ఇంటావిడ గేటు లోపల నుంచే, "ఇంక మా వీధికి రాకు, పోలీసుల గొడవ మాకెందుకు" అంది. ఒకావిడ అంటే మిగిలినవాళ్ళూ అన్నారు. అమ్మ గంప నిండా కానాగంతలతో తిరిగొచ్చింది. ఆ చేపలు పేటలో అందరికీ పంచేసి, గంప బోర్లించి, దాని మీద కూర్చుని ఏడ్చింది. తుఫానులో పడవ పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. నాన్న పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.

అసెంబ్లీ లేచి నిలబడిందని మొదట్లో అన్నది ఇందుకే. సభ పంపిన సంఘం ముందు మాట్లాడిన మనిషిని వేధిస్తే, సభనే వేధించినట్టు. దానికి సభా హక్కుల ఉల్లంఘన అని పేరు. పెద్దాయన సభలో లేచి ఆ విషయం ఎత్తాడు. పేపర్లో చదివిన ఆయన మాట నాకు కంఠతా వచ్చు: "ఆ చేపలమ్మే తల్లి దొంగ కాదు అధ్యక్షా, ఆమె ఈ సభకు సాక్షి." ఆ రోజు అధికార పక్షం, ప్రతిపక్షం అని లేకుండా బల్లలు చరిచారట. పేపరు అమ్మకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. వీధిలో నిలబడి చదవమంది. చదివాను, నా గొంతు ఎంత దూరం పోతే అంత దూరం.

ఇలాంటివి విచారించే సభా హక్కుల సంఘం అమ్మని హైదరాబాదు పిలిచింది. పెద్దాయన అందులోనూ సభ్యుడే. రైల్లో నేనూ, నాన్నా వెంట వెళ్ళాం. అసెంబ్లీ తెల్లగా, గోపురాలతో గుడిలా ఉంటే అమ్మ గుమ్మం బయటే చెప్పులు విప్పేసింది. వద్దన్నా తొడుక్కోలేదు. గదిలో అధికారి నిలబడి ఉన్నాడు. అప్పటికే ఆయన్ని సస్పెండు చేశారు. పెద్దాయన అమ్మకి కుర్చీ చూపించాడు. అధికారి నిలబడి ఉండగా తను కూర్చోవడానికి అమ్మకి మనసొప్పలేదు. "కూర్చో తల్లీ, ఇక్కడ నీకున్న గౌరవం ఆయనకి లేదు" అన్నాడు పెద్దాయన. అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. అధికారి తల దించుకుని, తప్పయింది, క్షమించండి అన్నాడు. అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు.

"బాబూ, ఒక మాట" అంది అమ్మ. "ఈ బాబు నన్ను దొంగన్నాడు. ఎక్కడన్నాడు? మా పేటలో, పిల్లా పెద్దా అందరూ సూత్తండగా అన్నాడు. ఇప్పుడు తప్పయిందని తలుపులేసిన గదిలో సెప్తే, మా పేటోలకి ఎలా యినబడద్ది?"

నాన్న నా చెయ్యి నొక్కాడు. పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకుని, పక్కవాళ్ళతో ఏదో గుసగుసలాడి, "తల్లి అడిగింది న్యాయమే. అక్కడే చెప్పాలి" అన్నాడు.

పడవల మీద వేసిన సభా సంఘం నివేదిక సభ ముందుకొచ్చింది. పడవలు ఎప్పుడూ ఇవ్వలేదనీ, రెండు విచారణలూ తప్పుని కప్పెట్టడానికే జరిగాయనీ అందులో రాశారు. కాంట్రాక్టరు ఫిర్యాదులో పడవ నాదే అని తనే ఒప్పుకున్నాడు కాబట్టి ఆ ఫిర్యాదే వాళ్ళ మెడకి చుట్టుకుంది, అమ్మ మీద కేసు ఎత్తేశారు. ఇక మీదట పడవలు ఏ పేటకిచ్చినా ఆ పేట ఒడ్డునే, జనం అందరి ముందు, పేర్లు పైకి చదివి ఇవ్వాలని సిఫారసు చేశారు. ఇవాళ వినడానికి చిన్న మాటే. కానీ తర్వాత రెండువేల అయిదులో సమాచార హక్కు చట్టం వచ్చి, పిల్లలకి దాని గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు, నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. ప్రభుత్వం చేసే పని జనం కళ్ళ ముందు చెయ్యాలని అడిగే హక్కు ఎవరికుంది అంటే, చేపల గంప మోసే ఒకావిడకి ఉంది అని చెప్పేదాన్ని.

నిజమైన పడవలు వచ్చిన రోజు పేట మొత్తం ఒడ్డు మీదే ఉంది. పేర్లు పైకి చదువుతుంటే ఒక్కొక్కరూ వెళ్ళి పడవ మీద చెయ్యి వేస్తున్నారు. నాన్న పేరు వచ్చినప్పుడు ఆయన నడవలేదు, పరుగెత్తాడు. ఆ మధ్యలో అధికారి వచ్చాడు. ఆటో దిగి ఇసుకలో నడిచొచ్చాడు. జీపు లేకుండా ఆయన్ని చూడడం మాకదే మొదటిసారి. అమ్మ ముందు నిలబడి, పెదాలు కదిపాడు.

"యినబల్లేదు బాబూ," అంది అమ్మ. "ఆ రోజు మా వీధి సివర్దాకా యినబడింది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈసారి గట్టిగా చెప్పాడు. ఈమె దొంగ కాదు, నేను అబద్ధం చెప్పాను, నన్ను క్షమించాలి అన్నాడు. అల వెనక్కి వెళ్ళిన ఆ కాస్త నిశ్శబ్దంలో ఒడ్డు చివర ఉన్నవాళ్ళకి కూడా వినబడింది. అమ్మ తలాడించింది. మజ్జిగ తాగి వెళ్ళమంది కూడా. ఆయన ఆగలేదు.

మర్నాడు నాన్న సొంత పడవలో వేటకెళ్ళి వంజరం తెచ్చాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని నేరుగా క్వార్టర్స్‌కి బయలుదేరింది. ఆ రోజుకి కాలేజీ మానేసి నేనూ వెంట వెళ్ళాను, చూడకపోతే నిద్ర పట్టదని. వీధి మొదట్లోనే "సేపలో..." అని అమ్మ వేసిన కేకకి కిటికీలు తెరుచుకున్నాయి. రావద్దన్న ఆ ఇంటావిడ ఈసారి తనే గేటు తీసుకుని బయటికొచ్చింది. పేపర్లో చూశాను, చాలా సంతోషమైంది, ఇంతకీ ఏం తెచ్చావు, వంజరమేనా అని అడిగింది.

అమ్మ గంప దించలేదు. గంప అంచు దాటి చేప తోకలు కనబడుతూనే ఉన్నాయి.

"వంజరమేనమ్మా," అంది నవ్వుతూ. "మీకు లేవు."